టొలేడో డే ట్రిప్: గైడ్‌కి పూర్తి మార్కులు, టైమ్ టేబుల్‌కి మాత్రం కాదు

మాడ్రిడ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మా క్యాంపస్‌లో విదేశీ విద్యార్థుల కోసం ట్రిప్పులు వేసే గ్రూపు ఒకటి ఉంది. పోయిన నెల ఒక శనివారం వాళ్లతో టొలేడో వెళ్లొచ్చాను. బస్సు, గైడ్ కలిపి 28 యూరోలు. లోపలి టికెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. డబ్బు కట్టాలా వద్దా అని జూనియర్లు అడుగుతున్నారు, వాళ్ల కోసమే రాస్తున్నాను.

మాడ్రిడ్‌కి దక్షిణంగా 70 కిలోమీటర్లు. కొండ మీద ఊరు, మూడు వైపులా తాహో నది. ఎక్కుడు చూసి భయపడకండి, కోట గోడ పక్క నుంచి పైదాకా ఎస్కలేటర్లు ఉన్నాయి. పైకి వెళ్లాక మాత్రం అన్నీ రాళ్లు పరిచిన ఇరుకు సందులే. మంచి బూట్లు వేసుకోండి.

ఈ ట్రిప్‌కి ప్రాణం మా గైడ్. ఆ ఊరావిడే. సాంటా మరియా లా బ్లాంకా అనే పాత ప్రార్థనా మందిరంలోకి తీసుకెళ్లి, ఏమీ చెప్పకుండా కాసేపు మమ్మల్ని చూడనిచ్చింది. తెల్లటి ఎనిమిది పలకల స్తంభాలు, వాటి మీద గుర్రపు నాడా ఆకారంలో తోరణాలు, వరుస వెనక వరుస. "ఇది ఎవరి గుడి?" అని అడిగితే అందరం మసీదే అన్నాం. కాదట. కట్టించుకున్నది యూదులు. పనితనం ముస్లిం పనివాళ్లది. 15వ శతాబ్దంలో చర్చిగా మార్చారు, ఇప్పుడున్న పేరు మేరీమాతది. 1492లో యూదులను దేశం నుంచే వెళ్లగొట్టారని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. అక్కడే గెరార్డ్ ఆఫ్ క్రెమోనా అనే అనువాదకుడి గురించి కూడా చెప్పింది. ప్రాచీన కాలపు టోలెమీ రాసిన ఖగోళశాస్త్ర గ్రంథం అల్మజెస్ట్ కోసం 12వ శతాబ్దంలో ఇటలీ నుంచి ఈ ఊరికి వచ్చి, అరబిక్ నేర్చుకుని, దాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. చదువు కోసం ఇల్లు వదిలి వచ్చినదాన్ని కదా, ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు.

ఇక నా ఫిర్యాదు. భోజనం అయ్యాక కత్తులు, నగలు అమ్మే ఒక పెద్ద షాపులో గంటన్నర ఆపేశారు. అందులో చూడదగ్గది ఉంది, కాదనను. మూలన ఒక పెద్దాయన నల్లటి ఉక్కు మీద సన్నటి బంగారు తీగ పెట్టి సుత్తితో మెల్లగా కొడుతున్నాడు. దమాస్కినాదో అంటారు. మాది జహీరాబాద్, పక్కనే బీదర్. నల్లటి లోహంలో వెండి తీగ పొదిగే బిద్రీ పని చిన్నప్పటి నుంచీ చూశాను. ఆయన చెయ్యి ఆడే తీరు చూస్తుంటే మా ఊరి పక్క దుకాణంలో నిలబడినట్టే అనిపించింది. కానీ దానికి పావుగంట చాలు.

ఆ షాపు వల్ల కెథడ్రల్‌కి మిగిలింది 40 నిమిషాలు. 1226లో మొదలుపెట్టి 1493లో పూర్తి చేసిన కట్టడం అది! బలిపీఠం వెనక వెలుగు పడాలని పైకప్పునే తొలిచారు. దాని కింద నిలబడి తల ఎత్తేలోపే "బస్సుకి టైమయింది" అన్నారు. చిత్రకారుడు ఎల్ గ్రెకో గీసిన, ఓర్గాజ్ ప్రభువును సమాధి చేసే బొమ్మ అసలు షెడ్యూల్‌లోనే లేదు. షాపులోంచి బయటపడి, సాంటో టోమే చర్చికి నేనొక్కదాన్నే పరుగెత్తి చూసి వచ్చాను. కింద నల్లబట్టల పెద్దమనుషులు, పైన స్వర్గం, ఎడమ మూల కాగడా పట్టుకున్న చిన్న పిల్లాడు. ఆ పిల్లాడు గ్రెకో కొడుకేనట.

తిండి సంగతి: శాకాహారులు పిస్తో మాంచేగో అడగండి. వంకాయ, టమాటా, క్యాప్సికమ్ కూర లాంటిది. పైన గుడ్డు వేస్తారు, వద్దనుకుంటే "సిన్ ఉయేవో" అని ముందే చెప్పాలి. బాదం, చక్కెరతో చేసే మజపాన్ మాత్రం మఠాల్లో సన్యాసినులు అమ్మేదే కొనండి.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ గైడ్ ఉంటుందని కనుక్కుని బుక్ చేసుకోండి, 28 యూరోలకు ఆవిడ మాటలే చాలు. షాపు సమయం తగ్గించమని నిర్వాహకులకు మెయిల్ పెట్టాను. నేను మాత్రం మాడ్రిడ్‌లోని అటోచా స్టేషన్ నుంచి రైలెక్కి మళ్లీ వెళ్తున్నాను. అరగంట ప్రయాణం. ఈసారి పొద్దున్నే నేరుగా కెథడ్రల్‌కే.