ట్యూనాకు లూర్ విసిరే ఎనిమిదడుగుల రాడ్: కర్నూలు నుంచి ఒక సమీక్ష

నేను చూసినంతవరకు కర్నూలు దుకాణాలలో దొరికేవి తుంగభద్రలో బొచ్చె, రోహులకు సరిపోయే గాలపు కర్రలు, కొర్రమీనుకు కప్ప బొమ్మ విసిరే పొట్టి రాడ్‌లు మాత్రమే. అందువల్ల విశాఖపట్నం వెళ్ళి, పడవ మీది నుంచి ట్యూనాకు లూర్ (చిన్న చేపను పోలిన కృత్రిమ ఎర) విసరదలచినవారు రాడ్‌ను చేత్తో వంచి చూసే అవకాశం లేక, దాని మీద ముద్రించిన అంకెలనే నమ్మి తెప్పించుకోవలసి వస్తుంది. నేను తెప్పించుకున్నది 8 అడుగుల స్పిన్నింగ్ రాడ్; పీఈ (అల్లిక లైన్ మందాన్ని తెలిపే కొలమానం) 4 నుంచి 6 వరకు లైన్‌కు, 40 నుంచి 100 గ్రాముల లూర్‌లకు ఉద్దేశించినది. ఇవే కొలతలతో అనేక కంపెనీలు రాడ్‌లు చేస్తున్నాయి కనుక ఇక్కడ పేరు కంటే కొలతలకే ప్రాధాన్యమిస్తున్నాను.

ఆ అంకెలలో మొదట చూడవలసినది లూర్ బరువు. చాలామంది చేప బరువును ఊహించుకుని అత్యంత బలమైన రాడ్‌ను ఎంచుకుంటారు. అయితే ట్యూనాలు చిన్న చేపల గుంపును నీటి పైకి తరిమి తింటున్నప్పుడు పడవ మరీ దగ్గరికి వెళితే అవి లోతుకు దిగిపోతాయి. కాబట్టి దూరం నుంచే విసరాలి. అవి తింటున్నది తరచుగా వేలెడంత చేపలనే కనుక లూర్ కూడా చిన్నదై ఉండాలి. పీఈ 8 లైన్‌కు చేసిన బలమైన రాడ్‌కు 40 గ్రాముల లూర్ కడితే రాడ్ వంగదు, వంగనిదే లూర్ దూరం పోదు. నా రాడ్ 60 నుంచి 80 గ్రాముల మధ్య చక్కగా పనిచేస్తుంది. 40 గ్రాములు దాని పరిధిలోనివే అయినా ఎదురుగాలిలో విసురు మందగిస్తుంది. 100 గ్రాముల పాపర్‌ను (నీటి పైన నీళ్ళు చిమ్ముతూ సాగే లూర్‌ను) గట్టిగా లాగినప్పుడు కొన మరీ వంగి, నీళ్ళు చిమ్మవలసినంతగా చిమ్మవు. పరిధిలోని రెండు చివరలనూ నమ్మకూడదన్నది నా అభిప్రాయం.

పొడవు విషయంలో రాజీ తప్పదు. పొడవైన రాడ్ దూరం విసురుతుంది గాని, తగిలిన ట్యూనా పడవ కిందికి దిగి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాక ఆ పొడవే మనిషి నడుము మీద భారమవుతుంది. ఏడున్నర నుంచి ఎనిమిదింపావు అడుగుల వరకు ఉన్నవి పడవకు అనుకూలమని అందుకే అంటారు. పీఈ 5 అల్లిక లైన్ సుమారు 80 పౌండ్ల బరువును తట్టుకుంటుంది. రీల్ డ్రాగ్‌ను (చేప లాగినప్పుడు లైన్‌ను ఎంత బిగువుగా వదలాలో నిర్ణయించే బిగింపును) అందులో మూడవ వంతుకు మించకుండా, స్ప్రింగ్ త్రాసుతో లాగి చూసి అమర్చుకోవడం మంచిది. ఆ భారం వద్ద ఈ రాడ్ నడిమి భాగం నిబ్బరంగా వంగి, దాదాపు సాగని ఆ లైన్ కుదుపును తాను తీసుకుంటుంది. చేప పడవ కిందే ఉన్నప్పుడు మాత్రం రాడ్‌ను నిలువుగా ఎత్తరాదు. కార్బన్ రాడ్‌లు విరిగేది ఎక్కువగా అక్కడే.

గైడ్‌లు (రాడ్ మీద లైన్ సాగే రింగులు) ముందుకు వంగిన చట్రాలతో ఉండటం వల్ల లైన్ చుట్టుకున్నా జారిపోతుంది. లీడర్ (లూర్‌కు ముందు కట్టే మందపాటి దారం) ముడి కూడా అడ్డంకి లేకుండా సాగుతోంది.

కర్నూలువారికి నిర్ణాయకమైనది అతుకు. ఒకే ముక్కగా ఉన్న రాడ్‌ను రైలులో అంత దూరం మోయడం నరకం. ఇది పిడి దగ్గర విడిపోయే రకం కనుక పై ముక్క ఇంకా పొడవుగానే ఉంటుంది, పై బెర్తు మీద మూలగా పెట్టుకోవలసిందే. అయినా మధ్యలో అతుకు ఉన్నవాటి కంటే వంపు సాఫీగా వస్తుందని దీనినే ఎంచుకున్నాను. విసురు అభ్యాసానికి సుంకేసుల దగ్గరి తుంగభద్ర చాలు, కొక్కేలు తీసేసి విసరవచ్చు. కాని కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టున కరెంటు తీగలు ఉన్నచోట కార్బన్ రాడ్‌ను ఎత్తవద్దు, దానిలోంచి విద్యుత్తు ప్రవహిస్తుంది. మే నెల కర్నూలు ఎండలో మూసిన కారులో వదిలేయడమూ మంచిది కాదు.

భారీ ఎల్లోఫిన్ ట్యూనాలకే గురిపెట్టేవారు దీని కంటే బలమైనదానిని చూసుకోవాలి. మిగిలినవారు డబ్బు లెక్క వేసుకునేటప్పుడు ఉప్పునీటిని తట్టుకునే పెద్ద రీల్‌ను, దానిని నింపడానికి కావలసిన లైన్‌ను కూడా కలుపుకోవాలి. ఆ రెండింటి ఖర్చు రాడ్ ధరను సులభంగా దాటిపోతుంది.