టేకా, రబ్బరు కలపా?

బెంగళూరులో స్థిరపడిన మన కుటుంబాలు మంచం చేయించాలనుకోగానే టేకునే అడుగుతాయి. అయితే మనకు టేకు పంపే మయన్మార్ దేశం 2014 ఏప్రిల్‌లో దుంగల ఎగుమతిని నిషేధించాక, ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల్లో పెంచిన టేకు కూడా మన అడితులకు వస్తోంది. తోటలో త్వరగా నరికిన లేత దుంగలో చేవ (నడిమి ముదురు చెక్క) తక్కువ, దాని చుట్టూ ఉండే తెల్లచెక్క ఎక్కువ. చెదను తట్టుకునే గుణం చేవదే కనుక, టేకన్న పేరు చూసి ధర పెట్టడం నాకు సమ్మతం కాదు. కలప జాతిపైనే అనుమానముంటే మల్లేశ్వరంలోని కేంద్ర ప్రభుత్వ కలప పరిశోధన సంస్థలో (IWST) పరీక్ష చేయించుకోవచ్చు.

రబ్బరు కలప చవక. రబ్బరు పాలు తగ్గిపోయిన, సుమారు 25–30 ఏళ్ల కేరళ తోటల చెట్ల నుంచి వస్తుంది కాబట్టి దానికోసం అడవి కొట్టనక్కరలేదు. పిండిపదార్థం ఎక్కువైనందున పురుగు, బూజు త్వరగా పడతాయి. కోసిన వెంటనే బోరాన్ మందు పట్టించి, బట్టీలో ఆరబెట్టిన చెక్కనే కొనాలి. భోజనాల బల్లకు, అల్మారాకు ఇది చాలు. వానకు తడిసే వీధి తలుపుకు మాత్రం చేవ ఉన్న టేకే మేలు.