రిబ్బన్ లేని లేబుల్ ప్రింటరు మీద నా ఫిర్యాదు: చిత్తూరు గోదాములో ఐదు సీజన్ల తరువాత

చిత్తూరుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను గోదాము లెక్కలు చూస్తాను. 2021 సీజన్‌లో మేము బార్‌కోడ్ పద్ధతికి మారాము. 2025తో ఐదు సీజన్లు పూర్తయ్యాయి. స్కానర్ల గురించీ, సాఫ్ట్‌వేర్ గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక వాటిని త్వరగా దాటేసి, నన్ను ఇప్పటికీ బాధించే ఒక్క విషయాన్నే ఎక్కువగా రాస్తాను. అది లేబుల్ ముద్రణ. రిబ్బన్ లేకుండా, కేవలం వేడితో కాగితాన్ని నల్లబరిచే ప్రింటరును గోదాముల వారికి అమ్మేటప్పుడు, ఆ గీతలు ఎంతకాలం నిలుస్తాయో ముందే చెప్పి తీరాలని నా గట్టి అభిప్రాయం. మాకు ఎవరూ చెప్పలేదు.

కొనడానికి వెళ్ళిన రోజున దుకాణదారు రెండు రకాలు చూపించాడు. ఒకదానిలో లేబుల్ రోలు పెడితే చాలు. రెండోదానిలో దానితోపాటు నల్లని రిబ్బన్ రోలు కూడా పెట్టాలి, అయిపోయినప్పుడల్లా మార్చుకోవాలి. "రిబ్బన్ ఖర్చు ఎందుకు సార్, ఇది తీసుకోండి, ముద్ర ఇంకా నల్లగా వస్తుంది" అన్నాడు. ముద్ర నిజంగానే నల్లగా, సూదిమొనలా వచ్చింది. ఆ సీజన్ మొత్తం ప్రింటరు ఒక్కసారి కూడా మొరాయించలేదు. పెట్టె మీద లేబుల్ అతికించడం, స్కానరుతో చదవడం, సాయంత్రానికి లెక్క సరిపోవడం చూసి నేను ఎంత సంతోషించానంటే, తిరుపతిలో మసాలా దినుసుల టోకు వ్యాపారం చేసే మా తోడల్లుడి చేత కూడా అదే ప్రింటరు కొనిపించాను. ఆ మెప్పును పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు గానీ, దానికి ఒక హద్దు ఉందని ఇప్పుడు చెప్పాలి.

అందుకు మా సరుకు స్వభావం కొంత తెలియాలి. తోతాపురి కాయ, మా వైపు బెంగళూరా అని పిలిచేది, జూన్, జూలై నెలల్లో ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఆ కొద్ది వారాల్లో తీసిన గుజ్జే ఏడాది పొడుగునా, కొన్నిసార్లు ఆ మరుసటి ఏడాది కూడా అమ్ముడవుతుంది. 3.1 కిలోల డబ్బాలు ఆరేసి చొప్పున ఒక అట్టపెట్టెలో సర్దుతాము. కొనేవారు ముందుగా నమూనా తెప్పించుకొని తీపి, పులుపు, రంగు పరీక్షించుకొని ఫలానా బ్యాచ్ కావాలని రాస్తారు. దాని పక్క రోజు తయారైన బ్యాచ్ పంపినా తీసుకోరు. అందువల్ల మా గోదాములో ఎన్ని పెట్టెలు ఉన్నాయనే ప్రశ్న కన్నా, ఏ బ్యాచ్ పెట్టెలు ఎక్కడ ఉన్నాయనే ప్రశ్నే పెద్దది.

2022 మే చివరి వారంలో, అంతకు ముందు జూలైలో తయారైన రెండు బ్యాచ్‌లకు ఆర్డరు వచ్చింది. రెండూ కలిపి దాదాపు వెయ్యి పెట్టెలు, ఇరవై అడుగుల కంటైనరు ఒకటి నిండుతుంది. మూడో రోజు సాయంత్రానికి అది చెన్నై రేవులో ఉండాలి. పాత పద్ధతిలో అయితే నేను ఆ పూటే కంగారు పడేవాణ్ణి; బార్‌కోడ్ ఉంది కదా అన్న ధైర్యంతో లోడింగును మరుసటి ఉదయానికి పెట్టాను. తెల్లవారి స్కానరు పట్టుకున్న కుర్రవాడు మొదటి దొంతర దగ్గరే ఆగిపోయి, "అన్నా, ఇది పలకలేదు" అన్నాడు. స్కానరు ఛార్జింగు అయిపోయిందేమో చూడమన్నాను. తరువాత నేనే వెళ్ళి చూశాను.

రేకుల కప్పుకు దగ్గరగా ఉన్న పై వరుసల్లో లేబుల్ కాగితమే బూడిద రంగుకు తిరిగిపోయింది. గీతకూ, గీతల మధ్య ఖాళీకీ తేడా లేకపోతే స్కానరుకు చదవడానికి ఏమీ మిగలదు. పడమటి తలుపు ఎదుట ఉన్న వరుసల్లో కాగితం పసుపెక్కి, గీతలు వెలిసిపోయాయి. వీటన్నింటికన్నా నన్ను కుంగదీసినది మూడో రకం. అంతకు ముందు అక్టోబరు, నవంబరు వానలకు ఒకచోట రేకులు కారితే, లేబుళ్ళు తడవకుండా వాటి మీద పారదర్శకమైన ప్యాకింగు టేపు వేయమని నేనే చెప్పాను. ఆ టేపు కింద గీతలు దాదాపు లేవు. కాపాడదామని ఏ లేబుళ్ళ మీద టేపు వేయించానో అవే అన్నిటికన్నా ముందు తుడిచిపెట్టుకుపోయాయి. గీతల కింద ఉండే అంకెలు కూడా అదే వేడితో ముద్రించినవే కాబట్టి, కంటితో చదువుకుందామన్నా వీలు లేకపోయింది. దొంతరల లోపలి వైపు, వెలుతురు తగలని పెట్టెల మీద మాత్రం ముద్ర చెక్కుచెదరలేదు.

ఆ వరుసల్లో కలగలిసి ఉన్నవి రెండు వేల ఆరు వందల పెట్టెలు. స్కానరు చదివినవి ఏడు వందలకు మించలేదు. మిగిలినవాటిలో మాకు కావలసిన బ్యాచ్‌లు ఏవో తేల్చడానికి ఒకటే దారి: పెట్టె టేపు కోసి, లోపలి డబ్బా మూత మీద సిరాతో వేసిన బ్యాచ్ సంఖ్యను చూసి, మళ్ళీ మూయడం. ఆరుగురు హమాలీలు, నేనూ, స్కానరు కుర్రవాడూ రెండు రాత్రులు ఫోను వెలుతురులో అదే పని చేశాము. పగలు రేకుల కింద నిలబడలేని కాలం అది. టేపు కోసి మళ్ళీ అతికించిన పెట్టెలను కొనేవారు అనుమానిస్తారు కనుక, పంపాల్సినవాటికి కొత్త అట్టపెట్టెలు కూడా వేయాల్సి వచ్చింది. హమాలీలలో పెద్దాయన ఒకరు చేతిలోని లేబుల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "సున్నంతో రాసుంటే కూడా ఇంత తొందరగా పోయుండదు సార్" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. కంటైనరుకు ఆ ఓడ తప్పిపోయింది. తరువాతి ఓడ దాకా ఆగినందుకు అయిన ఖర్చును ఫ్యాక్టరీ భరించింది.

ఎందుకిలా జరిగిందో తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ రకం కాగితం మీద రంగులేని ఒక రసాయనం, దాన్ని నల్లబరిచే మరో రసాయనం కలిపి పూత వేస్తారు. ప్రింటరు తల, అంటే కాగితానికి తగిలి వేడెక్కే భాగం, ఆ వేడికి ఆ రెండూ కరిగి కలిసిన చోట నలుపు పుడుతుంది. సిరా అంటూ ఏదీ ఉండదు. అందుకే బయటి వేడికి మిగతా కాగితం కూడా క్రమంగా నల్లబడుతుంది. టేపు జిగురులోనూ, కొన్ని రకాల ప్లాస్టిక్‌లోనూ ఉండే మెత్తబరిచే పదార్థాలూ, నూనెలూ ఆ కలయికను విడదీసి నలుపును చెరిపేస్తాయి. ఏటీఎం చీటీ చొక్కా జేబులో కొన్ని నెలలు ఉండి తెల్లబడేది ఇందుకే. పైపూత వేసిన మేలు రకం కాగితం కూడా దొరుకుతుంది. అది మరికొంత కాలం ఆగుతుంది గానీ, మా రేకుల కింద రెండు వేసవులు నిలుస్తుందని నేను నమ్మను. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ట్రాయ్ పట్టణపు సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో బార్‌కోడ్ వాడుక మొదలైందంటారు. అంగడి గల్లా పెట్టె దగ్గర ఒక్కసారి చదవగలిగితే దాని పని అయిపోతుంది. మా పెట్టె మీది గీత రెండేళ్ళ తరువాత కూడా పలకాలి.

2022 జూన్‌లో, సీజన్ మొదలయ్యేలోగా, రిబ్బన్ ఉన్న ప్రింటరుకు మారాము. ఇందులో తల వేడికి రిబ్బన్ మీది సిరా కరిగి లేబుల్‌కు అంటుకుంటుంది. లేబుల్ మామూలు క్రోమో కాగితమే, అంటే నునుపు పూత వేసిన తెల్ల కాగితం. ఆ ఏడాది అతికించిన లేబుళ్ళలో కొన్ని 2024 జూన్ దాకా గోదాములోనే ఉండి, రెండు వేసవులు దాటి కూడా స్కానరు గురిపెట్టగానే పలికాయి. నాకు ఈ ప్రింటరు మీద ఇంత అభిమానం కలగడానికి అదొక్కటే చాలు.

అయినా రిబ్బన్ పెట్టగానే అన్నీ సరిపోతాయని అనుకోవద్దు. మేము మొదట వాడిన మైనపు రిబ్బన్ ముద్ర చవక, కానీ పెట్టెకు పెట్టె రాసుకుంటే చెదురుతుంది. లారీ ప్రయాణం చేసి తిరిగి వచ్చిన కొన్ని పెట్టెల మీద అది మసిలా అలుక్కుపోయింది. ఇప్పుడు మైనం, రెసిన్ (గట్టిగా అంటుకునే ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిసిన రకం వాడుతున్నాము. గుజ్జు డ్రమ్ముల మీద వానాకాలం తెల్లవారుజామున నీరు పడుతుంది కనుక, అక్కడ కాగితం ఆగదు; వాటికి పాలిస్టర్ లేబుల్, పూర్తి రెసిన్ రిబ్బన్ వాడాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఎక్కువ. రిబ్బన్‌లో సిరా లోపలి వైపు చుట్టినదీ, బయటి వైపు చుట్టినదీ అని రెండు రకాలు ఉన్నాయని తెలియక తప్పుది తెచ్చి, తెల్ల లేబుళ్ళు బయటికి వస్తుంటే సగం రోజు పోగొట్టుకున్నాము. రిబ్బన్ వెడల్పు లేబుల్ కన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి. లేకపోతే లేబుల్ అంచు తలకు నేరుగా రాసుకొని దాన్ని అరగదీస్తుంది. నలుపు బాగా రావాలని వేడి పెంచడం కూడా పొరపాటే, ఎందుకంటే గీతలు ఉబ్బి మధ్య ఖాళీలు మూసుకుపోతాయి.

ఆ మే నెల తరువాత లేబుల్ మీద ఏం రాయాలన్నది కూడా మార్చాము. మొదట బ్యాచ్, తేదీ, షిఫ్టు, పెట్టె సంఖ్య అన్నీ గీతల్లోనే ఉండాలని, అక్షరాలూ అంకెలూ కలిపి 20 స్థానాల కోడు పెట్టుకున్నాము. మేము వాడే కోడ్ 128 అనే బార్‌కోడ్ పద్ధతిలో ఒక్కో అక్షరం అతి సన్నని గీత వెడల్పుకు 11 రెట్లు స్థలం తీసుకుంటుంది. మొదలు, చివర, సరిచూసే గుర్తు కలిపితే మా కోడు అలాంటి 255 సన్నని గీతల వెడల్పు అయ్యేది. అంగుళానికి 203 చుక్కలు వేసే ప్రింటరులో ఒక చుక్క 0.125 మిల్లీమీటర్లు. సన్నని గీతకు రెండు చుక్కలు ఇచ్చినా 64 మిల్లీమీటర్లు పట్టి, ఇరుపక్కల తప్పనిసరిగా వదలాల్సిన ఖాళీతో 75 మిల్లీమీటర్ల లేబుల్ నిండిపోయేది. ఇప్పుడు 8 అంకెల వరుస సంఖ్య మాత్రమే వేస్తున్నాము. అంకెలు మాత్రమే ఉంటే రెండేసి కలిసి ఒక అక్షరం స్థలంలో ఇముడుతాయి కాబట్టి మొత్తం 79 సన్నని గీతల వెడల్పే. సన్నని గీతకు నాలుగు చుక్కలు ఇచ్చినా 40 మిల్లీమీటర్లు దాటదు. గీతలు రెట్టింపు లావయ్యాయి. లేబుల్ మీద చిన్న గీరు పడినా, రిబ్బన్ ముడత వచ్చినా స్కానరు చదువుతోంది. దొంతర ఎక్కకుండా కింద నిలబడి పై వరుసను చదవగలుగుతున్నాము. బ్యాచ్, తేదీ కంప్యూటరులో ఆ సంఖ్య ఎదురుగా ఉంటాయి, లేబుల్ మీద పెద్ద అక్షరాలతో విడిగా కూడా ఉంటాయి. ఆ పెద్ద అక్షరాల విషయంలో నేను ఇప్పుడు ఎవరి మాటా వినను.

ఈ సంఖ్యలను ఎక్సెల్‌లో పెట్టుకునేవారు ఆ నిలువు వరుసను ముందుగానే టెక్స్టుగా మార్చుకోవాలి, లేకపోతే ముందున్న సున్నాలు మాయమవుతాయి. 10000001 నుంచి మొదలుపెట్టడం ఇంకా సులువు. గోదాములో మనం వాడుకునే సంఖ్యను మనమే పెట్టుకోవచ్చు. అంగళ్ళలో అమ్మే ప్యాకెట్ మీద వేయాలంటే మాత్రం బార్‌కోడ్ సంఖ్యలు కేటాయించే జీఎస్1 ఇండియా సంస్థ నుంచి 890తో మొదలయ్యే సంఖ్య తీసుకోవాలి. మరొకటి, గీతలు రోలు కదిలే దిశకు అడ్డంగా పడేటట్లు లేబుల్‌ను తిప్పి పెట్టుకుంటే మంచిది. ప్రింటరు తలలో ఒక చుక్క కాలిపోతే రోలు పొడుగునా తెల్లని గాటు పడుతుంది. గీతలు నిలువుగా పెట్టుకున్నవారికి ఒక గీత పై నుంచి కింది దాకా చెడిపోతుంది, అడ్డంగా పెట్టుకున్నవారికి అన్ని గీతల్లోనూ ఒక సన్నని తెంపు మాత్రమే కనిపిస్తుంది, స్కానరు దాన్ని దాటి చదువుతుంది. 2024లో మాకు అదే జరిగింది, కొత్త తల వచ్చేదాకా పది రోజులు పని ఆగలేదు.

నేను చెప్పేదంతా ఏడాదికి పైగా సరుకు నిలవ ఉండే, రేకుల కప్పు కింద ఉండే, చిత్తూరు ఎండలు చూసే గోదాము నుంచి చెబుతున్నది. మా తోడల్లుడి అంగడిలో పరిస్థితి వేరు. అతని మసాలా బస్తాలు ఇరవై రోజులకు మించి ఆగవు, పైన కాంక్రీటు కప్పు ఉంది; నేను కొనిపించిన ఆ రిబ్బన్ లేని ప్రింటరే ఇప్పటికీ వాడుతున్నాడు, దాని మీద అతనికి ఏ ఫిర్యాదూ లేదు. మార్చమని నేను రెండుసార్లు చెప్పి, అతని లెక్కలు చూశాక ఊరుకున్నాను. కొనబోయేవారు ముందుగా ఒక రోలు ఎక్కడైనా ముద్రించుకొని, నాలుగు లేబుళ్ళను మార్చిలో తమ గోదాము పై వరుసలో అతికించి, వాటిలో రెండింటి మీద టేపు వేసి, జూన్‌లో చూసుకొని నిర్ణయించుకోవచ్చు. నాకు ఆ ఓపిక అప్పుడు ఉండి ఉంటే బాగుండేది.

మా పాత ప్రింటరు పాడుకాలేదు, మిగిలిన రోళ్ళు కూడా ఉన్నాయి. సీజన్‌లో కాయల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరినప్పుడు రైతులకు ఇచ్చే వరుస టోకెన్లు దానితోనే తీస్తున్నాము. కాయ దిగేదాకా, మహా అయితే రెండు రోజులు, ఆ అంకె కనబడితే చాలు.