యమహా జేఆర్2: ఉప్పుగాలిలో, పొగమంచులో అయిదారేళ్లు వాడాక

బీచ్‌కి, కొండలకి, రైలు ప్రయాణాలకి ఏ గిటారు కొనాలని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు ఒకటే: ఇంట్లో వదిలేసి వెళ్లాలని అనిపించనిది కొనండి. ఎండ తగులుతుందేమో, గీత పడుతుందేమో అని టెన్షన్ పెట్టే గిటారు ఎంత బాగా మోగినా గుమ్మం దాటదు. యమహా జేఆర్2 అనే చిన్న గిటారు అయిదారేళ్లుగా నా వెంట తిరుగుతూనే ఉంది. మాది విశాఖపట్నం. రుషికొండ, యారాడ, అరకు, లంబసింగి, సెలవులొస్తే ఇంకా దూరాలు. వానాకాలంలో అలమరలో చెప్పులకి కూడా బూజు పట్టే ఊరు ఇది. చెక్క వాయిద్యాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా కష్టమైన చోటు అక్కర్లేదు.

ముందు చెక్క సంగతి. షాపుల్లో "సాలిడ్ టాప్" అన్న మాట గొప్పగా చెబుతారు. ముందు పలకలో పొరలు లేకుండా అచ్చంగా చెక్కే ఉంటుందని అర్థం. నాదం నిజంగానే బాగుంటుంది. కానీ చెక్క గాలిలో తేమను పీలుస్తుంది, మళ్లీ వదులుతుంది. పీల్చినప్పుడు చెక్క గీతలకి అడ్డంగా ఉబ్బుతుంది. తీగల కింది కొనల్ని పట్టి ఉంచే బ్రిడ్జి వెనక పలక పొట్టలా లేస్తుంది, తీగలు పైకి వచ్చి నొక్కడం కష్టమవుతుంది. పొడిగాలిలో కుంచించుకుపోయి పగులు పడుతుంది. గిటారు ఉంచే చోట తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని తయారీదారులు చెప్పేది అందుకే. మన కోస్తాలో ఏసీ గదిలో తప్ప ఆ అంకె చూడటం కష్టం. లామినేట్ అంటే పల్చటి పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికించినది, మన భాషలో ప్లైవుడ్. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. జేఆర్2 ముందు పలక స్ప్రూస్ అనే చెక్కతో చేసిన లామినేట్. నాదంలో కొంత పోతుంది, ఒప్పుకుంటాను. బదులుగా ఈ గిటారు ఇన్ని వానాకాలాలు చూసినా బ్రిడ్జి వెనక స్కేలు పెడితే ఈరోజుకీ దాదాపు తిన్నగానే కూర్చుంటుంది.

మీరు చూస్తున్న గిటారు ఏ రకమో తెలుసుకోవాలంటే అమ్మేవాళ్లని అడగక్కర్లేదు. మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రం అంచుని టార్చి వేసి చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా అలాగే దిగితే సాలిడ్. పొరలు పొరలుగా కనిపిస్తే లామినేట్. అంచుకి నల్ల రంగు పూసి ఉంటే లోపలి వైపు నుంచి చూడాలి.

ఇక కొలతలు. జేఆర్2లో నెక్ పై కొన దగ్గరి నట్ నుంచి బ్రిడ్జి మీది శాడిల్ దాకా తీగ పొడవు 540 మిల్లీమీటర్లు. పెద్ద గిటార్లలో ఇది 650 దగ్గర ఉంటుంది. పెద్ద గిటారు నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో (ఫ్రెట్స్) మూడోదాని దగ్గర, తీగలన్నిటినీ నొక్కి పట్టే కాపో క్లిప్పు బిగిస్తే మిగిలే పొడవు దాదాపు ఇంతే. దీనివల్ల కొత్తగా నేర్చుకునేవాళ్లని ఏడిపించే ఎఫ్ కార్డు (ఒకే వేలితో తీగలన్నీ నొక్కి పట్టాల్సిన స్వరాల కలయిక) ఇక్కడ తేలిగ్గా పడుతుంది. పెద్ద చేతులవాళ్లకి మాత్రం ఏడో ఫ్రెట్ దాటాక వేళ్లు ఇరుక్కుంటాయి.

చాలామంది పట్టించుకోని విషయం తీగల బిగువు. అదే తీగ, అదే శ్రుతి ఉంచి పొడవు మాత్రం తగ్గిస్తే, బిగువు ఆ పొడవు వర్గం లెక్కన తగ్గుతుంది. 650 నుంచి 540కి వస్తే ముప్పై శాతం పోతుంది. అందుకే చిన్న గిటారుకి పల్చటి 10 నంబరు (మొదటి తీగ మందం 0.010 అంగుళం) తీగలు వేస్తే వదులుగా గిలగిలలాడతాయి, కాస్త గట్టిగా నొక్కితే స్వరం పైకి జారిపోతుంది. "చిన్న గిటార్లు శ్రుతిలో నిలబడవు" అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడి నుంచే వస్తాయని నా నమ్మకం. నేను 12 నంబరు సెట్ వేస్తాను. లెక్క కట్టి చూస్తే ఈ పొడవు మీద 12 నంబరు మొదటి తీగ బిగువు, పెద్ద గిటారు మీద 10 నంబరు తీగ బిగువుతో సమానం. కాబట్టి నెక్ మీద అదనపు భారం పడుతుందన్న భయం అక్కర్లేదు. తీగలు మార్చిన రోజే ఇది వేరే గిటారులా అనిపించింది. లేదంటే పల్చటి తీగలే ఉంచి మొత్తాన్ని మూడు మెట్లు (మూడు ఫ్రెట్లంత) పైకి శ్రుతి చేయొచ్చు. ఎత్తు శ్రుతిలో పాడేవాళ్లకి అది బాగా కుదురుతుంది.

బయట వాయించినప్పుడు ధ్వని ఎలా ఉంటుందన్నది వేరే సంగతి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పాసింజర్‌లో అరకు దారిలో వరసగా సొరంగాలు వస్తాయి. రైలు సొరంగంలోకి దూరగానే చప్పుడంతా గోడలకి కొట్టుకుని తిరిగి పెట్టెలోకే వస్తుంది. రైలు మెల్లగా నడుస్తున్నప్పుడు ఆ చీకట్లో ఈ చిన్న గిటారు కూడా నిండుగా వినిపిస్తుంది. అదే గిటారు యారాడ ఇసుకలో కూర్చుని వాయిస్తే మంద్ర స్వరాలు మూడడుగులు దాటవు. తిరిగి పంపడానికి గోడ లేదు, చిన్న గిటారులో మంద్రం పుట్టేదే తక్కువ, పైగా అలల హోరు. పది మంది కలిసి పాడే చోట లావైన రెండు తీగలు ఉన్నట్టే తెలియదు. నేను కనుక్కున్న మార్గాలు రెండు. బండరాయికో, పడవ పక్కకో వీపు ఆనించి కూర్చోవడం ఒకటి. కాస్త మందమైన పిక్‌తో (తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క) మిగతా నాలుగు తీగల మీదే స్ట్రమ్ చేయడం రెండోది. గంభీరమైన బేస్ కావాలనుకునేవాళ్లు ఏ చిన్న గిటారుతోనూ తృప్తిపడరు, అది ముందే తెలుసుకుని కొనాలి.

సముద్రం పక్కన మొదట పోయేవి తీగలు. చుట్టు లేని సన్నటి రెండు తీగలు కొన్ని వారాల్లోనే గరుకుగా అయిపోతాయి. వేలితో రాస్తే గోధుమ రంగు మరక అంటుతుంది. ఎలిక్సిర్ లాంటి పూత వేసిన తీగలు ఖరీదైనా మా ఊళ్లో వాటికే నా ఓటు. మామూలు సెట్లు మాటిమాటికీ మార్చే బదులు అవే చవక పడతాయి. ఏ తీగలు వేసినా వాయించాక పొడి గుడ్డతో కింది వైపు కూడా తుడవాలి, చెమట ఉప్పు అక్కడే పేరుకుంటుంది. ఇసుక ఇంకో శత్రువు. శ్రుతి సరిచేసే పెగ్స్ పళ్లలో చేరితే తిప్పుతున్నప్పుడు కరకరలాడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే దులపండి, నూనె వేస్తే ఇసుక దానికి అంటుకుని పేస్టులా తయారవుతుంది.

ఎండ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. లామినేట్ తేమను తట్టుకుంటుంది గానీ మే నెలలో ఎండలో నిలిపిన కారు వేడిని తట్టుకోదు. బ్రిడ్జిని పట్టి ఉంచే జిగురు ఆ వేడికి మెత్తబడుతుంది, తీగల లాగుడు రాత్రింబవళ్లూ ఉండనే ఉంది. డిక్కీలో పెట్టి భోజనానికి వెళ్లకండి, భుజానికి తగిలించుకుని వెళ్లండి. చలిమంట దగ్గర కూడా దూరంగా, మంట వేడి పలక మీద నేరుగా పడకుండా కూర్చోవాలి. లంబసింగి పొగమంచులో తిరిగి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడు బ్యాగ్ జిప్ వెంటనే తీయను. చల్లటి గిటారు మీద గదిలోని తేమ నీరుగా పేరుకుంటుంది. అరగంట ఆగితే చాలు.

ఇన్నేళ్ల అరుగుదల ఎంతంటే: మొదటి మూడు ఫ్రెట్స్‌లో సన్నటి రెండు తీగల కింద గోటికి తగిలే గుంటలు పడ్డాయి, అవి వాయిస్తే వచ్చేవే. రంధ్రం కింద పిక్ రాసుకుని మెరుపు పోయింది. పెగ్స్ మీద అక్కడక్కడా తుప్పు చుక్కలు, తిప్పడంలో తేడా లేదు. నెక్ తిన్నగా ఉంది.

ప్రయాణంలో సౌకర్యం దీని అసలు బలం. పొడవు మీటరు కూడా లేదు, స్లీపర్ పై బెర్తులో కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకోవచ్చు. విమానంలో మాత్రం భరోసా లేదు. మన దేశీయ విమానాల్లో చేతి సంచికి సాధారణంగా ఒప్పుకునే పొడవు 55 సెంటీమీటర్లు. మామూలు ట్రావెల్ గిటార్లేవీ అందులో ఇమడవు, ముందుగానే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడగాలి. పల్చటి బట్ట సంచి నమ్ముకోకుండా మందమైన ఫోమ్ ఉన్న గిగ్ బ్యాగ్ కొనండి. గిటారు ధరలో పదో వంతు అయినా దానికి పెట్టాలి.

మిగతావాటిలో మార్టిన్ ఎల్‌ఎక్స్ వరసలో పక్కలకీ వెనక్కీ వాడే హెచ్‌పీఎల్, మన వంటింటి సన్‌మైకా జాతి పదార్థమే. కాగితపు పొరల్ని రెసిన్‌తో వేడి మీద నొక్కి చేస్తారు, తేమకి కదలదు. ఇంగ్లిష్ గాయకుడు ఎడ్ షీరన్ వాడటంతో పేరు మోగిపోయిన ఎల్‌ఎక్స్1ఈకి ముందు పలక మాత్రం సాలిడ్ స్ప్రూస్, ఆ సంగతి గుర్తుంచుకోండి. 1996లో వచ్చిన బేబీ టేలర్ నాదం నాకు చాలా ఇష్టం, కానీ ఆ ధరకి రెండు జేఆర్2లు కొని ఇంకా తీగలు కొనుక్కోవచ్చు. వానలో ట్రెక్కింగ్ చేసేవాళ్లకైతే కార్బన్ ఫైబర్ కలిపి అచ్చు పోసిన ఎన్యా నోవా గో లాంటివే సరైనవి. స్నేహితుడి దగ్గర ఉంది, చినుకుల్లో కూడా నిశ్చింతగా వాయిస్తాడు. తీగలు దానికీ తుప్పు పడతాయి. నాకు చెక్క నాదమే నచ్చుతుంది గనక మారలేదు. సంచిలో చోటు ఇంకా తక్కువైతే నైలాన్ తీగల యమహా జీఎల్1 గిటలేలే (ఉకులేలే అంత చిన్న గిటారు) చూడండి. తీగ పొడవు 433 మిల్లీమీటర్లే, మామూలు శ్రుతి కన్నా అయిదు మెట్లు పైన మోగుతుంది, తుప్పు బెడద దాదాపు లేదు.

రెండు మూడు వేలకి దొరికే పేరులేని గిటార్ల జోలికి వెళ్లొద్దనే నా సలహా. మా బంధువుల అబ్బాయికి అలాంటిదొకటి కొన్నారు. నెక్ లోపల దాని వంపు సరిచేసే ఇనప కడ్డీ, ట్రస్ రాడ్ లేదు, ఒక్క వానాకాలానికే విల్లులా వంగింది, సరిచేసే దారి లేక అటక ఎక్కింది. డబ్బు తక్కువైతే అదే ధరలో మంచి కంపెనీ సెకండ్ హ్యాండ్ గిటారు వెతకండి. కొనే ముందు మూడు ఏటీఎం కార్డులు దొంతరగా పట్టుకుని పన్నెండో ఫ్రెట్ మీద, లావు తీగ కింద దూర్చండి. ఒక్కో కార్డు 0.76 మిల్లీమీటర్లు ఉంటుంది గనక దొంతర సుమారు 2.3. తీగకి ఆనీ ఆననట్టు దూరితే ఎత్తు సరిపోయినట్టే. ఇంకో రెండు కార్డులు పట్టేంత ఖాళీ ఉంటే తీగల ఎత్తు సరిచేయించే సెటప్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి. నెక్ అంచు వెంట బొటనవేలు నడిపి ఫ్రెట్ కొనలు గుచ్చుకుంటున్నాయేమో చూడండి. ఆఖరున ఒక పల్చటి కాగితం తీసుకుని బ్రిడ్జి వెనక అంచు కింద తోసి చూడండి. లోపలికి దూరిందంటే జిగురు వదులుతోందని, ఎంత చవకగా ఇస్తానన్నా వద్దని చెప్పి వచ్చేయండి.