నల్లమలకు ఇటు నంద్యాల, అటు గిద్దలూరు
నంద్యాలలో రైలెక్కితే గాజులపల్లె దాటాక అడవి మొదలవుతుంది. చలమ, దిగువమెట్ట మీదుగా గిద్దలూరులో దిగేసరికి కొండ అదే, కింది నేల మాత్రం మారిపోయి ఉంటుంది.

పడమటి వైపు, అంటే నంద్యాల వైపు, కుందూ నది లోయ. నల్లరేగడి, కేసీ (కర్నూలు-కడప) కాలువ, వరి. కొండ కిందే మహానంది. కోనేట్లో రూపాయి బిళ్ల వేస్తే అడుగున మెరుస్తూ కనబడేంత తేట నీళ్లు, ఏడాది పొడవునా ఊరుతూనే ఉంటాయి. ఆ నీళ్లే బయటికొచ్చి పొలాలకు పారతాయి. గుడి దాటితే రోడ్డు పక్కన ఎటు చూసినా అరటితోటలే.

తూర్పు వైపు ఆ అదృష్టం లేదు. గుండ్లకమ్మ నల్లమలలోనే పుట్టినా వానొస్తేనే పారుతుంది. అందుకే విజయనగర రాజుల కాలంలో కంభం దగ్గర రెండు కొండల మధ్య కట్ట వేసి దాన్ని ఆపారు. చెరువు నిండిన ఏడాది ఆయకట్టులో వరి. లేదంటే బోర్లు, కంది, మిర్చి. మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది. పలకరాయి మాత్రం దండిగా దొరుకుతుంది. మన చిన్నప్పటి పలకలు ఎన్నో అక్కడివే.

సేద్యానికైతే నేను కళ్లు మూసుకుని పడమరే అంటాను. అడవి పందులకు మాత్రం ఈ తేడాలేం పట్టవు. రెండు వైపులా చేను చుట్టూ పాత చీరలు కట్టి, టార్చిలైటుతో మంచె మీద రాత్రంతా మేలుకోవాల్సిందే.