గడ్డి మేసిన బీఫా, దాణా తిన్న బీఫా?

బీఫ్ రుచి అనగానే చాలామంది పశువు జాతి గురించి మాట్లాడతారు. నన్నడిగితే, ముందు తెలుసుకోవాల్సింది ఆ పశువు చివరి కొన్ని నెలలు ఏం తిన్నదీ అని.

మొక్కజొన్న, బార్లీ లాంటి దాణాతో మేపితే పశువు తొందరగా ఒళ్లు చేస్తుంది. కండ మధ్యలో సన్నటి తెల్లని కొవ్వు చారలు పడతాయి. పెనం మీద ఆ కొవ్వు కరిగి ముక్క మెత్తగా, వెన్నలా కమ్మగా వస్తుంది. పచ్చిగడ్డి మేసినదానికి కొవ్వు తక్కువ, అదీ కాస్త పసుపుగా ఉంటుంది. పాడైందేమోనని కంగారు పడక్కర్లేదు, గడ్డిలోని బీటా కెరోటిన్ రంగు అది. రుచి ఘాటుగా, కొంచెం పచ్చిక వాసనతో ఉంటుంది. అలవాటు లేనివాళ్లకు మొదట నచ్చకపోవచ్చు. నాకైతే ఇదే ఇష్టం, ముఖ్యంగా నెమ్మదిగా ఉడికించే కూరకి. పెనం మీద మాత్రం రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే చెప్పు తోలే!

అయితే అంతా మేతలోనే లేదు. ఆబోతు మాంసం ముదురు రంగులో, గట్టిగా ఉంటుంది. విత్తులు తీసిన కోడెదీ, ఇంకా ఈనని పెయ్యదీ మెత్తన. వయసు పెరిగేకొద్దీ మాంసం గట్టిపడుతుంది, రుచి చిక్కబడుతుంది. కోతకు ముందు పశువు బాగా టెన్షన్ పడితే కండలో శక్తి కోసం నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చైపోయి మాంసం నల్లబడి, జిగటగా తయారవుతుంది. గడ్డి మేసినా, దాణా తిన్నా ఇది తప్పదు.