బోరు మోటారుకి ఆర్‌సీసీబీ: ఎండాకాలం బుద్ధిగా, వానాకాలం మొండిగా

బోరు మోటారు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, పెట్టించి చాలాకాలమే అయింది. కొత్తలో కనబడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. మధ్యలో తిట్టుకున్నాను. ఇప్పుడు మళ్లీ మెచ్చుకుంటున్నాను, కాకపోతే కాస్త తగ్గించి.

లోడు ఎక్కువైనా షార్టయినా పడే ఎంసీబీ ఉండగా ఇదెందుకు అనేవాళ్లకి ఒక్క మాట. మా ఎంసీబీ 16 ఆంపియర్లది. తడి ఒంటితో ఉన్న మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు చాలు, దానికి ఎంసీబీ కదలను కూడా కదలదు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క కుదరకపోతే పడిపోవడమే ఆర్‌సీసీబీ పని.

గొడవంతా ఆ లెక్క దగ్గరే వచ్చింది. హన్మకొండలో మాది రాతి నేల. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే రెండు పైపులు కలిపి మోటారును ఇంకా కిందికి దించారు. కేబుల్ చాలక ఒక ముక్క అతికి టేపు చుట్టారు. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ లేదు. వానలు గట్టిగా పడ్డాక ఒకరోజు పొద్దున మోటారు వేస్తే స్విచ్ టప్పున పడింది. లేపితే మళ్లీ పడింది. చుట్టుపక్కల బోర్లన్నీ ఆడాక, సాయంత్రం మాత్రం ఒక్కోసారి చక్కగా నడిచేది.

"బాక్సులో చెమ్మ చేరింది సార్, ఇది తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం" అన్నాడు ఎలక్ట్రీషియన్. పక్కింటాయన కూడా అదే పాట. ట్యాంకు ఖాళీ, ఇంట్లో టెన్షన్. అయినా నేను ఒప్పుకోలేదు.

మోటారు మెకానిక్ వచ్చి స్టార్టర్ దగ్గర కేబుల్ వైర్లు మూడూ విప్పేశాడు. ఆర్‌సీసీబీ నిలబడింది. అంటే లోపం పైన లేదు, బోరులోనే ఉంది. వైరు ఇన్సులేషన్ చూసే మీటరు, మెగ్గర్ పెడితే ఒక వైరుకీ ఎర్త్‌కీ మధ్య ముల్లు సున్నాను వదల్లేదు. మోటారంతా తీయక్కర్లేకపోయింది, రెండు పైపులు ఎత్తేసరికి అతుకు చేతికొచ్చింది. టేపు ఉబ్బి వదులైంది. విప్పితే నీళ్లు కారాయి, లోపల రాగి పచ్చబారింది. మూడు వైర్ల అతుకులూ ఒకేచోట, పక్కపక్కనే ఉన్నాయి. ఎండాకాలం నీటిమట్టం ఆ అతుకుకి బాగా కింద ఉంది, వానలకి పైకి లేచి దాన్ని ముంచేసింది. సాయంత్రానికి చుట్టుపక్కల బోర్లు ఆడి నీళ్లు దిగితే అతుకు బయటపడేది. అంతే సంగతి! మెకానిక్ ఈసారి మూడింటినీ ఎచ్చుతగ్గులుగా కోసి, దేనికది రబ్బరు టేపు సాగదీసి చుట్టి, పైన మామూలు టేపు వేశాడు. అప్పటినుంచి పడలేదు.

డైరెక్ట్ ఇచ్చి ఉంటే మోటారు నడిచేదే, ఎంసీబీ కిమ్మనేది కాదు. కానీ లీకైన కరెంటు కేసింగుకి, అంటే బోరు పైగొట్టానికి ఎక్కొచ్చు. మాది ఇనపది, దాన్ని ఆనుకునే బట్టలుతికే బండ. ఆ "తీసేద్దాం సార్" అన్న మాట మీద నాకు ఇప్పటికీ మంటే.

ఇక తగ్గించి చెప్పాల్సినవి. ఇది మనిషిని కాపాడుతుంది, మోటారుని కాదు. లో వోల్టేజీకీ, నీళ్లు లేకుండా ఆడటానికీ వేరే ఏర్పాటు కావాలి. మా బాక్సు బయట ప్రహరీ గోడకి ఉంది. చీమలో దుమ్మో తెలీదు గానీ, ఒకసారి టెస్ట్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, మార్చక తప్పలేదు. అందుకే ఆ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. నొక్కితే పడినంత మాత్రాన ఎర్తింగ్ బాగున్నట్టు కాదు, దాన్ని విడిగా చూపించుకోవాలి.

మాకు నల్లా నీళ్లు కూడా వస్తాయి కాబట్టి బోరు ఆగినా ఓర్చుకున్నాం. బోరు ఒక్కటే దిక్కయిన ఇంట్లో అంత ఓపిక పట్టడం కష్టమే. పొలాల్లో త్రీఫేజ్ మోటార్ల సంగతి నేను చెప్పలేను. మా మట్టుకు మోటారుకి విడిగా పెట్టడమే కలిసొచ్చింది, మెయిన్‌లో ఒక్కటే ఉంటే ఆ అతుకు తడిసినప్పుడల్లా ఫ్రిజ్ కూడా ఆగేది. మార్చేటప్పుడు ఎంసీబీ కూడా కలిసుండే ఆర్‌సీబీవో అడిగాను, షాపులో లేదన్నారు. దొరికితే అదే తీసుకునేవాణ్ణి.